అయాన్ రవాణా జన్యువులు – ఈస్టు కణం పెరుగుదల, ఆకృతి: చౌడు సహన పరిశోధనకు పాఠాలు

సారాంశం

ఈస్టు కణం ఎంత వేగంగా విభజన చెందుతుంది, ఎంత పరిమాణానికి చేరుతుంది, ఏ ఆకృతి దాలుస్తుంది అనే అంశాలు చాలావరకు దాని త్వచాలలోని అయాన్ రవాణా ప్రోటీన్లపై ఆధారపడి ఉంటాయి. ప్రోటాన్, పొటాషియం, సోడియం, కాల్షియం, మాంగనీస్ అయాన్ల రవాణాకు సంబంధించిన ముఖ్య జన్యువులను, అవి లోపించినప్పుడు కణంలో కనిపించే మార్పులను ఈ వ్యాసంలో సమీక్షించడమైనది. మొక్కలలోని పొటాషియం, సోడియం రవాణా జన్యువులను గుర్తించడానికి ఈస్టు ఎలా తోడ్పడిందో, ఈస్టులో లభించిన ఫలితాన్ని నేరుగా పొలానికి అన్వయిస్తే ఎక్కడ పొరపాటు జరుగుతుందో గోధుమ, బార్లీ, వరి పరిశోధనల ఆధారంగా వివరించడమైనది.

ఉపోద్ఘాతం

కృష్ణా, గోదావరి డెల్టాల చివరి భూములలో, సముద్రపు నీరు ఎగదన్నే ప్రాంతాలలో వరి నాటిన రైతుకు మొదట కనిపించేవి ఆకు కొనలు ఎండటం, పిలకలు తగ్గటం, మొక్క గిడసబారటం. ఈ లక్షణాల వెనుక ప్రతి కణంలోనూ అయాన్ల జమాఖర్చు నడుస్తుంటుంది. పొటాషియం ఎంత లోపలికి వచ్చింది, సోడియం ఎంత బయటకు పోయింది, అందుకు ఎంత శక్తి ఖర్చయింది అనే లెక్క తప్పినప్పుడు పెరుగుదల కుంటుపడుతుంది. ఈ లెక్కను ఒక్కొక్క జన్యువు వారీగా పరిశీలించడానికి వరి మొక్క కంటే ఎంతో అనువైన జీవి ఈస్టు.

రొట్టెల తయారీలో వాడే శాకరోమైసెస్ సెరివిసియే ఏకకణ శిలీంధ్రం. దీని పూర్తి జన్యుక్రమం 1996లో వెలువడింది. నిజకేంద్రక జీవులలో జన్యుక్రమం పూర్తిగా తెలిసిన మొదటి జీవి ఇదే. 16 క్రోమోజోములలో సుమారు 6,000 జన్యువులున్నాయి. పోషకాలు సమృద్ధిగా ఉన్న మాధ్యమంలో, 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, దాదాపు 90 నిమిషాలకొకసారి కణాల సంఖ్య రెట్టింపవుతుంది. ఏకస్థితిక రూపంలోనూ పెరగగలదు కనుక ఒక జన్యువును తొలగిస్తే దాని ప్రభావం వెంటనే బయటపడుతుంది.

మొక్కలను అధ్యయనం చేసేవారికి ఈస్టు ఉపయోగపడటానికి మరొక ముఖ్య కారణముంది. జంతుకణాల ప్లాస్మా త్వచంపై ప్రధాన పంపు సోడియం–పొటాషియం పంపు. ఈస్టులోనూ మొక్కలలోనూ ఆ స్థానంలో ప్రోటాన్ పంపు ఉంటుంది. రెండింటిలోనూ కణకవచం, రిక్తిక ఉన్నాయి. కాబట్టి అయాన్ రవాణాకు శక్తినిచ్చే మూలసూత్రం ఈ రెండింటిలో ఒకటే.

ప్రోటాన్ పంపు: పెరుగుదల రేటుకు ఆధారం

ఈస్టు ప్లాస్మా త్వచంలోని ప్రోటాన్ పంపుకు సంకేతమిచ్చే జన్యువు పీఎంఏ1. దీని క్రమం 1986లో ప్రచురితమైంది. ఈ పంపు ఏటీపీని ఖర్చుచేసి ప్రోటాన్లను కణం బయటకు నెడుతుంది. కణం ఉత్పత్తి చేసే ఏటీపీలో గణనీయమైన భాగం ఈ ఒక్క పనికే వినియోగమవుతుంది. ఫలితంగా బయటి మాధ్యమం ఆమ్లయుతమైనా కణద్రవ్యపు ఉదజని సూచిక 7కు దగ్గరగా నిలుస్తుంది. త్వచానికి లోపలివైపు రుణావేశం ఏర్పడుతుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు, లవణాలు కణంలోకి రావడానికి కావలసిన చోదకశక్తి దీనినుండే లభిస్తుంది.

పీఎంఏ1 లేకుండా కణం బతకదు. కనుక దానిని పూర్తిగా తొలగించి అధ్యయనం చేయటం సాధ్యం కాదు. జన్యువు ముందున్న నియంత్రక భాగాన్ని మార్చి, గాలక్టోజ్ ఉన్నప్పుడు మాత్రమే పనిచేసేలా చేసిన ప్రయోగాలలోనూ, ఎంజైమ్ చర్యను పాక్షికంగా తగ్గించిన ఉత్పరివర్తకాలలోనూ, పంపు చర్య తగ్గితే వృద్ధి రేటు కూడా తగ్గుతుందని తేలింది. అంటే ఈ పంపు కణం బతకడానికి అవసరం కావటమే కాక, ఎంత వేగంగా పెరగాలో కూడా నిర్ణయిస్తోంది. కణద్రవ్యపు ఉదజని సూచిక విభజన రేటును ప్రభావితం చేస్తుందని ఆ తరువాతి పరిశోధనలు కూడా సూచించాయి.

ఈ ప్రోటీన్ కణవిభజనలో సమానంగా పంపిణీ కాదన్న విషయం 2014లో వెల్లడైంది. మొగ్గ తొడిగి పిల్లకణం విడిపోయేటప్పుడు పాత పంపు ప్రోటీన్ అధికంగా తల్లికణం త్వచంలోనే నిలిచిపోతుంది. కొత్తగా ఏర్పడిన పిల్లకణంలో అది తక్కువ. తల్లికణంలో ప్రోటాన్లు ఎక్కువగా బయటకు పోవటం వల్ల రిక్తికకు చేరవలసిన ప్రోటాన్లు తగ్గి, రిక్తికలో ఆమ్లత పలుచబడుతుంది. తల్లికణం వృద్ధాప్యానికి, పిల్లకణం తిరిగి యవ్వనం పొందడానికి గల కారణాలలో ఇదొకటి.

పొటాషియం: స్ఫీత పీడనం, కణ పరిమాణం

ఈస్టు కణద్రవ్యంలో పొటాషియం గాఢత సుమారు 200–300 మిల్లీమోలార్ ఉంటుంది. బయట మైక్రోమోలార్ స్థాయిలో మాత్రమే ఉన్నప్పటికీ కణం దానిని సేకరించుకోగలదు. ఈ పనిని ప్రధానంగా టీఆర్‌కే1, కొంతమేరకు టీఆర్‌కే2 జన్యువుల ప్రోటీన్లు నిర్వహిస్తాయి. రెండింటినీ తొలగించిన కణాలు చనిపోవు గాని, మాధ్యమంలో పొటాషియం మిల్లీమోలార్ స్థాయిలో ఉంటేనే బాగా పెరుగుతాయి.

పొటాషియం రవాణాకూ ప్రోటాన్ పంపుకూ గల సంబంధాన్ని హైగ్రోమైసిన్ బి అనే ధనావేశిత విషపదార్థంతో సులభంగా చూపవచ్చు. పీఎంఏ1 చర్య తగ్గిన కణాలలో త్వచ విభవం తగ్గుతుంది. అందువల్ల ఈ విషం లోపలికి అంతగా రాదు, కణాలు తట్టుకుంటాయి. టీఆర్‌కే జన్యువులు రెండూ లేని కణాలలో పంపు పనిచేస్తూనే ఉంటుంది గాని, లోపలి రుణావేశాన్ని తగ్గించడానికి తగినంత పొటాషియం రాదు. త్వచ విభవం పెరిగి, విషం ఎక్కువగా చేరి, కణాలు సులభంగా దెబ్బతింటాయి. ఒకే విషానికి రెండు లోపాలు రెండు విరుద్ధ ఫలితాలనిస్తాయి. ఒక రవాణా జన్యువు ప్రభావాన్ని మిగిలిన జన్యువుల నుండి విడదీసి చూడరాదనడానికి ఇది చక్కని ఉదాహరణ.

పొటాషియం కణ పరిమాణాన్ని ప్రభావితం చేసే తీరు పీపీజెడ్1, పీపీజెడ్2 జన్యువుల ద్వారా తెలిసింది. ఇవి ఫాస్ఫటేజు ఎంజైములకు చెందినవి; టీఆర్‌కే ప్రోటీన్ల చర్యను అదుపులో ఉంచుతాయి. రెండూ లోపించినప్పుడు కణంలో పొటాషియం పెరిగి, నీరు చేరి, స్ఫీత పీడనం హెచ్చుతుంది. కణాలు సాధారణ పరిమాణం కంటే పెద్దవవుతాయి, కొన్ని పగిలిపోతాయి. మాధ్యమంలో సార్బిటాల్ వంటి పదార్థాన్ని కలిపి బయటి ద్రవాభిసరణ పీడనాన్ని పెంచితే పగలటం ఆగుతుంది. లోపలి పీడనాన్ని కణకవచం మోయగలిగినంత వరకే కణం ఆకృతి నిలుస్తుందని దీనివల్ల అర్థమవుతుంది.

సోడియం: బయటకు పంపే మార్గాలు

సోడియం ఈస్టుకు అవసరమైన అయాన్ కాదు. గాఢత పెరిగితే పొటాషియం స్థానాన్ని ఆక్రమించి ఎంజైములను దెబ్బతీస్తుంది. దీనిని తొలగించడానికి కణంలో మూడు మార్గాలున్నాయి.

మొదటిది ఈఎన్‌ఏ1. ఇది ఏటీపీని నేరుగా వాడి సోడియంను, లిథియంను బయటకు పంపుతుంది. లవణం పెరిగినప్పుడు కాల్షియం సంకేతం ద్వారా కాల్సిన్యూరిన్ అనే ఫాస్ఫటేజు చైతన్యవంతమై ఈ జన్యువు వ్యక్తీకరణను పెంచుతుంది. రెండవది ఎన్‌హెచ్‌ఏ1. ఇది ఒక ప్రోటాన్ ప్రవాహాన్ని లోపలికి అనుమతిస్తూ సోడియంను, పొటాషియంను బయటకు పంపుతుంది. ప్రోటాన్ వ్యత్యాసంపై ఆధారపడుతుంది కనుక బయటి మాధ్యమం ఆమ్లయుతంగా ఉన్నప్పుడు ఇది సమర్థంగా పనిచేస్తుంది. క్షారయుత మాధ్యమంలో భారమంతా ఈఎన్‌ఏ1పై పడుతుంది. మూడవది ఎన్‌హెచ్‌ఎక్స్1. ఇది సోడియంను కణద్రవ్యం నుండి రిక్తికకు ముందుండే అంతర కోశాలలోకి చేరవేస్తుంది.

పుష్పించే మొక్కలలో ఈఎన్‌ఏ వంటి సోడియం ఏటీపేజులు లేవు. నాచు మొక్కలలో ఉన్నాయి. వరి, గోధుమ వంటి పైర్లు సోడియంను బయటకు పంపడానికి ప్రోటాన్ వ్యత్యాసంతో నడిచే ఎస్‌ఓఎస్1 వంటి ప్రోటీన్లపైనే ఆధారపడాలి. ఈస్టుకు, పైరుకు మధ్య ఉన్న ఈ తేడాను విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

కాల్షియం, మాంగనీస్, రిక్తిక: ఆకృతిపై ప్రభావం

కణద్రవ్యంలో స్వేచ్ఛా కాల్షియం నానోమోలార్ స్థాయిలోనే ఉంటుంది; కణంలోని కాల్షియంలో అత్యధిక భాగం రిక్తికలో నిల్వ ఉంటుంది. ఈస్టు కణానికి వ్యతిరేక లింగ కణం విడుదల చేసే ఫెరోమోన్ తగిలినప్పుడు అది గుండ్రని ఆకృతి వదిలి, ఒకవైపు సాగి, కోడిగుడ్డుకు కొమ్ము మొలిచినట్లుగా మారుతుంది. ఈ సమయంలో ఎంఐడీ1, సీసీహెచ్1 జన్యువుల ప్రోటీన్ల ద్వారా కాల్షియం లోపలికి వస్తుంది. ఎంఐడీ1 లోపించిన కణాలలో కొమ్ము ఏర్పడుతుంది గాని, కాల్షియం తక్కువగా ఉన్న మాధ్యమంలో ఆ తరువాత కణం మరణిస్తుంది. మాధ్యమంలో కాల్షియం పెంచితే బతుకుతుంది. ఆకృతి మార్చుకోవడం వేరు, మార్చుకున్న ఆకృతితో బతకగలగడం వేరు; రెండవదానికి కాల్షియం తప్పనిసరి.

పీఎంఆర్1 ప్రోటీన్ గాల్జీ సంక్లిష్టంలోకి కాల్షియం, మాంగనీస్ అయాన్లను చేరవేస్తుంది. కణకవచంలోని ప్రోటీన్లకు మానోజ్ చక్కెర గొలుసులను తగిలించే ఎంజైములకు మాంగనీస్ అవసరం. పీఎంఆర్1 లోపిస్తే ఈ గొలుసులు అసంపూర్తిగా మిగిలి, కణకవచ నిర్మాణం లోపభూయిష్టమవుతుంది. మాంగనీస్ నేరుగా కవచంలో భాగం కాకపోయినా, కవచం నాణ్యత దాని రవాణాపై ఆధారపడటం గమనార్హం.

రిక్తికను ఆమ్లీకరించే పంపుకు వీఎంఏ జన్యువులు సంకేతమిస్తాయి. ఇవి లోపించిన కణాలు ఉదజని సూచిక 5.5 ఉన్న మాధ్యమంలో పెరుగుతాయి, 7.5 వద్ద గాని, కాల్షియం అధికంగా ఉన్నప్పుడు గాని పెరగలేవు. ఒకే జన్యులోపం ఒక మాధ్యమంలో స్వల్పంగా, మరొక దానిలో ప్రాణాంతకంగా కనబడుతుంది.

పట్టిక 1. ముఖ్యమైన అయాన్ రవాణా జన్యువులు, వాటి లోప ఫలితాలు

| జన్యువు | స్థానం | అయాన్ | లోపిస్తే కనిపించే ఫలితం |
|---|---|---|---|
| పీఎంఏ1 | ప్లాస్మా త్వచం | ప్రోటాన్ | పూర్తిగా లోపిస్తే మరణం; పాక్షికంగా తగ్గితే మందగించిన వృద్ధి |
| టీఆర్‌కే1, టీఆర్‌కే2 | ప్లాస్మా త్వచం | పొటాషియం | తక్కువ పొటాషియంలో వృద్ధి నిలుపుదల |
| ఈఎన్‌ఏ1 | ప్లాస్మా త్వచం | సోడియం, లిథియం | లవణాన్ని తట్టుకోలేకపోవటం |
| ఎంఐడీ1, సీసీహెచ్1 | ప్లాస్మా త్వచం | కాల్షియం | ఫెరోమోన్ వల్ల ఆకృతి మారిన తరువాత మరణం |
| పీఎంఆర్1 | గాల్జీ సంక్లిష్టం | కాల్షియం, మాంగనీస్ | కణకవచ ప్రోటీన్లలో అసంపూర్తి చక్కెర గొలుసులు |
| వీఎంఏ సమూహం | రిక్తిక త్వచం | ప్రోటాన్ | తటస్థ, క్షార మాధ్యమాలలో వృద్ధి లేమి |

పెరుగుదలను, ఆకృతిని కొలిచే విధానం

ప్రయోగశాలలో సాధారణంగా వాడేది చుక్కల పరీక్ష. సమాన సాంద్రతకు సరిచేసిన కణద్రావణాన్ని వరుసగా పదేసి రెట్లు పలుచన చేసి, అగార్ పలకలపై చుక్కలుగా ఉంచి, రెండు మూడు రోజుల తరువాత పెరుగుదలను పోల్చుతారు. ఈ పరీక్షలో విద్యార్థులు తరచుగా చేసే పొరపాట్లు రెండు. ఉప్పు కలిపిన పలకపై పెరుగుదల తగ్గితే దానిని సోడియం విషప్రభావంగా భావించటం మొదటిది. ఉప్పు వల్ల ద్రవాభిసరణ ఒత్తిడి కూడా కలుగుతుంది. 0.5 మోలార్ సోడియం క్లోరైడుకు జతగా 1 మోలార్ సార్బిటాల్ పలకను కూడా ఉంచితేనే ఈ రెండు ప్రభావాలను వేరుచేయగలం. రెండవది మాధ్యమంలోని పొటాషియంను లెక్కలోకి తీసుకోకపోవటం. సాధారణంగా వాడే ఈస్టు నైట్రోజన్ బేస్‌లో పొటాషియం ఫాస్ఫేటు వల్ల సుమారు 7 మిల్లీమోలార్ పొటాషియం ఉంటుంది. టీఆర్‌కే లోపాన్ని పరీక్షించడానికి ఇది తగినది కాదు.

ఆకృతి విషయంలో మొగ్గ ఉన్న, లేని కణాల నిష్పత్తిని సూక్ష్మదర్శినిలో లెక్కించటం సులభమైన, విలువైన కొలత. మొగ్గ లేని కణాలు అధికమైతే విభజన ఆరంభానికి ముందే ఆగిందని, పెద్ద మొగ్గలున్న కణాలు అధికమైతే కేంద్రక విభజన దశలో ఆగిందని ప్రాథమికంగా భావించవచ్చు. జపాన్ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్కొక్క జన్యువు తొలగించిన 4,718 రకాల కణాలలో కణకవచం, ఆక్టిన్, కేంద్రకాలకు రంగులద్ది, 501 ఆకృతి లక్షణాలను కంప్యూటర్ సాయంతో కొలిచారు. కంటికి మామూలుగా కనిపించే కణాలలోనూ కొలవదగిన తేడాలు ఉండవచ్చని ఇటువంటి పద్ధతులు చూపుతాయి.

ఈస్టులోని ఖాళీ స్థానం – మొక్క జన్యువుల అన్వేషణ

టీఆర్‌కే జన్యువులు లేని ఈస్టు మొక్కల పరిశోధనకు గొప్ప సాధనమైంది. ఈ కణాలలోకి మొక్క జన్యువులను ప్రవేశపెట్టి, తక్కువ పొటాషియం గల పలకపై పెంచితే, పొటాషియంను తేగల జన్యువు అందిన కణం మాత్రమే పెరుగుతుంది. ఈ పూరక పరీక్ష ద్వారా 1992లో అరాబిడాప్సిస్ మొక్క నుండి ఏకేటీ1, కేఏటీ1 అనే పొటాషియం మార్గాల జన్యువులను గుర్తించారు. 1994లో ఇదే విధానంలో గోధుమ వేరు నుండి హెచ్‌కేటీ1 లభించింది. గోధుమ వేరు నేలలోని పొటాషియంను గ్రహించే ముఖ్య మార్గం దొరికిందని అప్పట్లో భావించారు.

తరువాతి కథ జాగ్రత్తగా చదవవలసినది. ఈ ప్రోటీన్ పొటాషియంతోపాటు సోడియంను కూడా మోస్తుందని మరుసటి సంవత్సరమే తెలిసింది. 2002లో ఈ జన్యువు వ్యక్తీకరణను తగ్గించిన గోధుమ మొక్కలను పరీక్షించగా, వేళ్ళలోకి సోడియం రావటం తగ్గి, లవణ పరిస్థితులలో పెరుగుదల మెరుగుపడింది. అంటే మేలు చేస్తుందని భావించిన జన్యువు లవణం ఉన్నచోట సోడియంకు ద్వారం తెరుస్తోంది. 2005లో బార్లీపై జరిగిన అధ్యయనం మరో విషయాన్ని బయటపెట్టింది. హెచ్‌కేటీ1ను ఈస్టులో వ్యక్తీకరించినప్పుడు, వాడిన డీఎన్‌ఏ నిర్మాణాన్ని బట్టి అది ఒకసారి సోడియంను ఒంటరిగా, మరొకసారి సోడియం, పొటాషియంలను జంటగా మోసినట్లు కనబడింది. వేరులో మాత్రం అది సోడియంను ఒంటరిగా మోసేదే. ఈస్టు ఇచ్చిన సమాధానం అబద్ధం కాదు. ఈస్టులో ఆ ప్రోటీన్ అలా పనిచేయగలదు. కాని వేరులో అది అదే పని చేస్తుందా అన్న ప్రశ్నకు అది సమాధానం కాదు.

వరిలో 2005లో గుర్తించిన ఎస్‌కేసీ1 జన్యువు ఈ తేడాను మరింత స్పష్టం చేస్తుంది. లవణాన్ని తట్టుకునే నోనా బొక్రా రకం నుండి లభించిన ఈ జన్యువు కూడా హెచ్‌కేటీ కుటుంబానిదే. ఇది దారువు చుట్టూ ఉన్న మృదుకణాలలో పనిచేస్తూ, పైకి పోయే రసం నుండి సోడియంను తిరిగి వెనక్కు తీస్తుంది. అందువల్ల ఆకులకు చేరే సోడియం తగ్గి, పొటాషియం నిష్పత్తి మెరుగుపడుతుంది. పొక్కాలి రకం నుండి గుర్తించిన సాల్టాల్ ప్రాంతం కూడా ఒకటవ క్రోమోజోముపై దాదాపు ఇదే చోట ఉంది. ఒకే కుటుంబపు ప్రోటీన్ వేరు బయటి కణాలలో ఉంటే సోడియంను లోనికి తెస్తుంది. దారువు పక్కన ఉంటే ఆకును కాపాడుతుంది. ఈస్టుకు దారువు లేదు, ఆకు లేదు. కనుక ఏ కణంలో ఉండాలి అన్న ప్రశ్నను ఈస్టు ఎన్నటికీ తీర్చలేదు.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

ఫలానా జన్యువు లవణ సహనాన్ని పెంచింది అన్న వార్త వెలువడినప్పుడు, రైతులకు దాని గురించి చెప్పే ముందు ఈ క్రింది ప్రశ్నలు వేసుకోవాలి.

1. పరీక్ష ఏ జీవిలో జరిగింది? ఈస్టులోనా, కుండీలోని మొక్కలోనా, చౌడు పొలంలోనా?

2. జన్యువు ఏ కణజాలంలో వ్యక్తమైంది? ఆకులోని సోడియం, పొటాషియం నిష్పత్తిని కొలిచారా?

3. పైరు ఏ దశలో పరీక్షించారు? వరి మొలక దశలో, పిలకల దశలో లవణాన్ని కొంత తట్టుకుంటుంది. లేత నారు దశలో, పూత దశలో త్వరగా దెబ్బతింటుంది. ఏకకణ జీవిలో ఈ దశలు లేవు.

4. ఏ రకం చౌడును దృష్టిలో ఉంచుకున్నారు? ఈస్టు పరీక్షలు ఎక్కువగా ఆమ్లయుత మాధ్యమంలో, సోడియం క్లోరైడుతో జరుగుతాయి. ఇది పాల చౌడుకు కొంత పోలిక గలది. ఉదజని సూచిక 8.5 దాటిన కారు చౌడులో పరిస్థితి వేరు. ప్రోటాన్ వ్యత్యాసంతో నడిచే రవాణా ప్రోటీన్ అక్కడ అదే సామర్థ్యం చూపుతుందని ముందుగానే భావించరాదు.

5. సహనం దిగుబడిగా మారిందా? కణం బతకటం, మొక్క బతకటం, గింజ పండటం మూడూ వేర్వేరు ఫలితాలు.

ఈ ప్రశ్నలకు సమాధానం లభించే వరకు పాల చౌడులో మంచినీటితో లవణాలను కడిగి మురుగు కాల్వల ద్వారా తొలగించటం, కారు చౌడులో భూసార పరీక్ష ఆధారంగా జిప్సం వేయటం, సిఫారసు చేసిన చౌడును తట్టుకునే రకాలను ఎంచుకోవటం అనే పద్ధతులకు ప్రత్యామ్నాయం లేదు.

ముగింపు

ఈస్టు కణం పెరుగుదల, పరిమాణం, ఆకృతి దాని అయాన్ రవాణా జన్యువుల సమష్టి ఫలితం. ప్రోటాన్ పంపు శక్తినిస్తుంది. పొటాషియం స్ఫీత పీడనాన్ని నిలుపుతుంది. సోడియంను బయటకు పంపటం ఎంజైములను కాపాడుతుంది. కాల్షియం, మాంగనీస్ ఆకృతిని, కవచాన్ని నిలబెడతాయి. మొక్కల రవాణా జన్యువులను వెలికితీయటంలో ఈస్టు సాటిలేని సాధనం. అయితే ఒక ప్రోటీన్ ఏ అయాన్‌ను మోయగలదో మాత్రమే ఈస్టు చెప్పగలదు; మొక్కలో ఎక్కడ, ఎప్పుడు, ఎంత మోస్తుందో మొక్కే చెప్పాలి. ఈ హద్దును గుర్తించిన విద్యార్థి ప్రయోగాన్ని సరిగా రూపొందించగలడు. ఈ హద్దును గుర్తించిన విస్తరణ శాస్త్రవేత్త చౌడు పొలంలో నిలబడిన రైతుకు నిరూపితమైన దానినే చెప్పగలడు.